లావు ముక్కులు

జూన్ 3

ఈ డైరీ మ్యూజియం వాళ్లు ఊరికే ఇచ్చారు. అట్ట మీద "చెక్కడం: మానవాళి ఉమ్మడి భాష" అని బంగారు రంగులో ఉంది. ఆ అక్షరాలు అచ్చు వేసినవి, చెక్కినవి కావు. మొదటి పేజీ తిప్పకముందే ఇంత నవ్వు దొరికాక రాయకుండా ఎలా ఊరుకుంటాను?

మ్యూజియంలో కొత్త హాలు కడుతున్నారు. దానికి టేకు తలుపు కావాలట. ఏ దేశంలో ఎవరు దేని మీద చెక్కుతారో తలుపు నిండా పలకలు పలకలుగా కనిపించాలట. చెంచా చెక్కే తల్లి, మంచు దేశంలో ఎముక మీద చెక్కే ముసలాయన, ముఖం తొడుగు చెక్కే ఆటగాడు, గుడ్డల మీద అద్దే అచ్చులు చెక్కే ఆవిడ, రాయి చెక్కే మనిషి. డైరెక్టరు గారు ఇవన్నీ చెబుతూ చేతులు గాలిలో తెగ తిప్పారు. ఆయన జన్మలో పెన్సిలు కూడా చెక్కి ఉండడు, ఆయన పెన్సిలుకి చివర మీట ఉంది.

షరతు ఒక్కటే. ఈ తలుపు మీద ముఖాలన్నీ మా అత్తయ్య చేతి మీదుగానే రావాలి. కుదరదంటే యంత్రాల కంపెనీ వాళ్లు నమూనా పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. అత్తయ్య వెంటనే సరేనంది.

అత్తయ్యకి చూపు తగ్గుతోంది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం మసకగా, పక్కనున్న గోడ స్పష్టంగా కనిపిస్తుందట. ఈ మాట కంటి డాక్టరు మా ఆయనకు చెప్పాడు, మా ఆయన నాకు చెప్పాడు. మాకు తెలుసని అత్తయ్యకీ తెలుసు. దీని గురించి ఇంట్లో ఎవరం మాట్లాడం. అద్దాలు పాతబడ్డాయి అంటాం. చాలా మంచి కుటుంబం మాది.

జూన్ 5

ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి నా గురించి నాలుగు మంచి మాటలు రాసుకోవచ్చు. మా నాన్న రాతిపని చేసేవాడు. ఉలి పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను, అదీ ఎడం చేత్తో. చెక్కపని చేసే ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి రోజునే అత్తయ్య నా చేతులు తిప్పి చూసి, "రాళ్లమ్మాయి, పైగా ఎడం చేతివాటం" అంది. అదే పేరుగా స్థిరపడింది.

ఈ పనిగదిలో ముఖాలు అత్తయ్యవి. ఆకులు, తీగలు, అంచులు నావి. ఇన్నేళ్లలో నేను చెక్కిన ఆకులన్నీ ఒకచోట పోస్తే పెద్ద అడవి అవుతుంది. ఆ అడవిలో మనిషన్నవాడు ఉండడు.

ముఖం చెక్కమని నన్ను ఎవరూ అడగలేదు. ఒకసారి అత్తయ్య అడిగినట్టుంది. అప్పుడు నాకు జలుబు చేసింది. అది లెక్కలోకి రాదు.

ఇంకో గొప్ప సంగతి. ఒకరు చెక్కిన దాని మీద ఇంకొకరు ఉలి పెడితే ఈ ఇంట్లో దాన్ని ఎంగిలి అంటారు. ఇంకొకరి కంచంలో చెయ్యి పెట్టినంత పాపం. మామయ్య బతికి ఉన్నప్పుడు ఒక బొమ్మ చెవి సరిచేశాడని అత్తయ్య ఆయనతో చాలాకాలం మాట్లాడలేదట. ఈ కథ ప్రతి కొత్త పనికీ ముందు నాకు వినిపిస్తారు.

జూన్ 9

చెంచా చెక్కే తల్లి ముఖం పూర్తయింది. ఒక కనురెప్ప కిందికి వాలింది, రెండోది పైకి లేచింది. చెంచా చెక్కుతూ ఎవరికో కన్ను కొడుతున్నట్టుంది.

మా ఆయన చూసి, దగ్గాడు. ఇంట్లో ఏ సమస్య వచ్చినా మగవాడిగా ఆయన తీసుకునే మొదటి చర్య దగ్గడం.

అత్తయ్య భోజనం చేసి పడుకుంది. నేను పనిగది తలుపు గడియ వేసి, సన్న ఉలి తీసి, ఆ కన్ను సరిచేశాను. కొడతి, అదే చెక్క సుత్తి, వాడలేదు, చప్పుడవుతుంది. మణికట్టు బలంతోనే తోశాను. పట్టుమని పావుగంట పట్టలేదు.

కొంచెమే. దాన్ని ఎంగిలి అనరు.

జూన్ 10

పొద్దున అత్తయ్య ఆ ముఖం మీద బొటనవేలు నెమ్మదిగా రాసింది. కన్ను దగ్గర వేలు ఆగింది. "బాగానే వచ్చిందే" అంది.

తన పనిని తానే మెచ్చుకుంది. ఎంత నిండు మనసో.

జూన్ 14

ఇవాళ అత్తయ్య నుంచి కొత్త ఆజ్ఞ వెలువడింది. ఈ తలుపుకి ఉప్పుకాగితం తగలకూడదు. ఉలి గీతలు ఉలి గీతల్లాగే ఉండాలి.

మా ఆయన పని ఈ ఇంట్లో ఉప్పుకాగితం రుద్దడం, పాలిష్ పట్టడం, వచ్చినవాళ్లతో మాట్లాడటం. ఇప్పుడు మొదటిది పోయింది. పాపం, మాటలు పెంచాడు.

నాకు మాత్రం గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. కుడి చేతి గీత ఒక వైపు వాలితే ఎడం చేతి గీత రెండో వైపు వాలుతుంది. ఉప్పుకాగితం పడితే రెండూ చెరిగిపోయేవి. ఇప్పుడు దొంగ ఎవరో చెక్క మీదే రాసి ఉంటుంది. మధ్యాహ్నం కుడి చేత్తో ప్రయత్నించాను. రొట్టె మీద వెన్న పూసినట్టు వచ్చింది. దాన్ని మళ్లీ ఎడం చేత్తోనే బాగుచేయాల్సి వచ్చింది.

జూన్ 19

ఎముక చెక్కే ముసలాయన ముక్కు బంగాళాదుంపలా ఉంది. మంచు దేశం కదా, జలుబు చేసి వాచిందనుకోవచ్చు. కింది పెదవి కూడా లావే, గడ్డమైతే మరీను. అత్తయ్య చెక్కిన ముఖాలు కత్తిలా ఉంటాయని పేరు. చూపు పోతే మనిషి భయపడి ఎక్కువ చెక్క వదిలేస్తాడు కాబోలు. అందుకే అన్నీ లావు.

జూన్ 20

ముక్కు తగ్గించాను. పెదవి కూడా. ఎలాగూ ఉలి చేతిలో ఉంది కదా అని గడ్డం కూడా.

జూన్ 26

అత్తయ్యకి మధ్యాహ్నం నిద్ర పెరిగింది. మునుపు కాస్త నడుం వాల్చి లేచేది. ఇప్పుడు టీ వేళ దాటినా లేవదు. గుర్రు మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా. మధ్యలో ఎప్పుడైనా ఆగితే నా చెయ్యి ఆగుతుంది, మళ్లీ మొదలైతే మళ్లీ మొదలవుతుంది. ఆ గుర్రు తాళానికి ఎముక చెక్కే ముసలాయన గడ్డంలో వెంట్రుకలన్నీ చెక్కేశాను.

వయసు మీద పడితే నిద్ర ఎక్కువవుతుందంటారు. నాకు మంచిదే.

నిజం రాయాలంటే, ఆ కాసేపట్లో నాకు ఆకలి వేయదు, నడుం నొప్పి తెలియదు. ముసలాయన చెంప కింద నార ఎటు పోతోందో వెతుక్కుంటూ ఉంటాను. రాయికి నార ఉండదు, కొట్టిన చోట ఊడుతుంది. చెక్కకి ఒక దారి ఉంటుంది, ఆ దారిన పోతే పట్టులా లేస్తుంది, ఎదురుపోతే చిరుగుతుంది. ఇన్నేళ్లు ఆకులు చెక్కుతూ ఈ మాట ఒప్పుకోలేదు.

ఇంత సంతోషం మంచిది కాదు. రేపటినుంచి తగ్గిస్తాను.

జూలై 1

అత్తయ్య సాయంత్రాలు ఒక ఉలికి కొత్త పిడి చేస్తోంది. ఇంట్లో ఉన్న పిడులు చాలవన్నట్టు. కాసేపు గీకడం, పిడికిలి బిగించి చూడటం, మళ్లీ గీకడం. మా ఆయన తీసుకుని పట్టి చూశాడు. "అమ్మా, బొటనవేలు ఆనే గుంట అటుపక్క పెట్టావేంటి? ఇలా అయితే ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు. అత్తయ్య, "నీ పని నువ్వు చూసుకో" అని లాక్కుంది.

ఆయనకి ఇప్పుడు పనేముంది, ఉప్పుకాగితం కూడా పోయింది. కానీ నాకు మాత్రం జాలేసింది. పిడికి గుంట ఏ పక్క రావాలో కూడా తెలియనంత అయిపోయిందా చూపు?

జూలై 4

ఘోరం జరిగింది.

ముఖం తొడుగు చెక్కే ఆటగాడి చెంప చాలా లావుగా ఉంది. నిన్నంతా మణికట్టుతో తోసి తోసి విసుగెత్తి, ఇవాళ కొడతి అందుకున్నాను. రెండే దెబ్బలు. రాళ్లమ్మాయిని కదా. నార ఎదురుగా ఉంది, ఉలి లోపలికి దూరి చెంపలో పెద్ద పెళ్ల ఊడి నా ఒళ్లో పడింది. రాతి మీదైనా చెక్క మీదైనా ఊడింది మళ్లీ రాదు. జిగురు పెట్టి చూశాను, అతుకు పుండులా కనిపించింది. తీసేశాను.

గుర్రు ఆగలేదు. దేవుడున్నాడు.

చెప్పేద్దామనుకున్నాను. టీ ఇచ్చేటప్పుడు నోటిదాకా వచ్చింది. "అత్తయ్యా, పంచదార సరిపోయిందా?" అని అడిగాను.

జూలై 5

పొద్దున అత్తయ్య పలక ముందు కూర్చుని చెంప తడిమింది. గుంటలో వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉంది. నేను ఆకు మీద ఆకు చెక్కుతూ ఉండిపోయాను. ఆ ఆకుకి ఎన్ని ఈనెలు వచ్చాయో నాకే తెలియదు.

చివరికి, "నిన్న నా చెయ్యి జారినట్టుంది అమ్మాయ్" అంది. పెద్ద ఉలి తీసుకుని, ఆటగాడి చుట్టూ ఉన్న వెనకభాగమంతా లోతు చేయడం మొదలుపెట్టింది. ఒక్కచోట పల్లం పడితే మిగతాదంతా ఆ పల్లానికి దించాలి. అప్పుడు పల్లం తప్పులా కనిపించదు, ముఖమే ముందుకు వచ్చినట్టు ఉంటుంది. ఆ పని పూర్తయ్యేసరికి వారం పడుతుంది, భుజాలు పడిపోతాయి.

చెయ్యి జారింది తనదేనని నిజంగానే అనుకుంటోంది. నిన్న ఏం చేసిందో ఇవాళ గుర్తులేదు. పోనీలే, పాపం. వయసు.

నేను బతికిపోయాను. అన్నం మాత్రం సయించలేదు.

జూలై 12

డైరెక్టరు గారు పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి వచ్చారు. ముఖాల ముందు నిలబడి కళ్లు మూసుకున్నారు. చూడటానికి వచ్చి కళ్లు మూసుకోవడం పెద్ద చదువుల లక్షణం.

తెరిచాక, అమ్మగారి చేతిలో ఇంతకుముందు లేని లాలిత్యం వచ్చిందన్నారు. ఆ గడ్డంలో వెంట్రుకలు చూడండి అన్నారు. ఆ గీతల వాలు కొత్తగా ఉంది, ఇది ఒక కళాకారిణి చివరి దశలో మాత్రమే సాధించే స్వేచ్ఛ అన్నారు. తలుపు పక్కన రాగిరేకు మీద "ఒకే చేతి సృష్టి" అని రాయిస్తారట. ఆ అంచులో ఆకులు కూడా బాగున్నాయని నాకేసి చూసి అన్నారు. ధన్యురాలిని.

అత్తయ్య తల వంచుకుని ఒళ్లో చెక్కపొట్టు దులుపుకుంది. చూపు మందగించింది సరే, చెవులు బాగానే ఉన్నాయిగా? ఆ వెంట్రుకలు నావి. ఆ వాలు నాది. నాకు పేరు అక్కర్లేదు, ఎప్పుడూ అడగలేదు, నాకసలు పట్టదు.

నాకసలు పట్టదు. కడుపు మండిపోతోంది.

జూలై 13

అచ్చులు చెక్కే ఆవిడది జూన్‌లోనే అయిపోయింది. ఇక మిగిలింది ఒక్క పలక, రాయి చెక్కే మనిషిది. అది నాకిమ్మని మొదట్లోనే అడిగాను. మా నాన్న చేసిన పని కదా. "చూద్దాం" అంది అత్తయ్య. ఇవాళ చూశాం. పొద్దున్నే తనే మొదలుపెట్టింది.

ఇక నేను ఆ ముఖాన్ని ముట్టుకోను. లావు ముక్కు లావుగానే ఉండనీ. చివరి దశ స్వేచ్ఛ ఎలా ఉంటుందో డైరెక్టరు గారు కళ్లు తెరిచి చూడనీ.

జూలై 17

ముట్టుకోలేదు. రాతిమనిషి ఒళ్లు, గుడ్డల మడతలు, ముందున్న బండ, అన్నీ చక్కగా వచ్చాయి. ముఖం మాత్రం దుంగలా ఉంది. ముక్కు కాదది, ముక్కు ఉండాల్సిన చోట మొద్దు. అత్తయ్య రోజూ లేచాక దాని మీద వేలు రాస్తుంది, ఇంకో మడత చెక్కుతుంది.

జూలై 20

ముట్టుకోలేదు.

జూలై 21

ముట్టుకోలేదు. అత్తయ్య ఇవాళ రెండుసార్లు పడుకుంది.

జూలై 22

జరిగింది జరిగినట్టు రాయాలి.

డైరెక్టరు గారు ఫొటోలు తీసే మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. సంచిలో యంత్రాల కంపెనీ వాళ్ల నమూనా కూడా ఉంది, ఊరికే పోల్చి చూడటానికట. రాతిమనిషి దగ్గరికి వచ్చేసరికి ఆయన చిరునవ్వు జారిపోయింది. ఈ ముఖం ఇంతేనా, ఇంకా ఉందా అని చాలా మర్యాదగా అడిగారు. ప్రారంభం దగ్గరపడింది, అమ్మగారికి ఒంట్లో బాగాలేకపోతే వేరే ఏర్పాటు చూసుకుంటాం అన్నారు. మా ఆయన దగ్గాడు.

అప్పుడు నాకు పౌరుషం గుర్తుకు రాలేదు. ఇన్నేళ్లు ముఖాలు చెక్కిన మనిషి ఆ మొద్దు ముందు, నలుగురిలో, తప్పు చేసినట్టు కూర్చోవడం చూడలేకపోయాను. అలకపాన్పు ఎక్కి ఈ గతి తెచ్చింది నేనే. ఏదో ఒక అబద్ధం చెబుదామని నోరు తెరిచాను.

"నా పని అయిపోయిందండీ" అంది అత్తయ్య. "ముఖం ఈ అమ్మాయిది."

డైరెక్టరు గారికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"ఈ తలుపులో ముఖాలన్నీ ఈ అమ్మాయివే. నాకు మనిషి ముఖం కనబడదు. మోటుగా చెక్కి ఇంతింత చెక్క వదిలేస్తాను, తను తీర్చిదిద్దుతుంది. మీ రాగిరేకు మీద ఒకే చేయి అని రాయకండి. మీ పని యంత్రానికి ఇచ్చుకుంటారో ఏం చేస్తారో మీ ఇష్టం."

మా ఆయన దగ్గడం కూడా మరిచిపోయాడు. "నేను ముట్టుకుంటున్నానని మీకెప్పుడు తెలిసింది?" అని అడిగాను.

"మొదటి కన్ను దిద్దిన మర్నాడే. నీ గీత నా వేలికి ఎదురొస్తుంది."

అంటే ఉప్పుకాగితం వద్దన్నది నా గీత చెరగకుండా. ముక్కులు రోజురోజుకీ లావెక్కింది నేను తీర్చడానికి. ఆటగాడి చెంప పోయింది ఎవరివల్లో తెలిసే, వారం రోజులు భుజాలు పడిపోయేలా ఆ వెనకభాగమంతా లోతు చేసింది. ఈవిడకి మతిమరుపు అని నేను జాలిపడ్డాను. నాకు ఏడుపొచ్చింది, దానికంటే ముందు కోపమొచ్చింది. నాకు చెప్పొచ్చు కదా అన్నాను. ఎంగిలి, ఎంగిలి అని ఇన్నేళ్లు ఊదరగొట్టి ఇప్పుడిదా అన్నాను. అందరి ముందే అన్నాను.

"తినగా మిగిలింది ఎంగిలి" అంది అత్తయ్య. "నీకోసం అట్టేపెట్టింది ఎంగిలి ఎలా అవుతుంది?" గొంతు తగ్గించి అంది. "ఒకసారి ముఖం ఇస్తానంటే జలుబు చేసిందన్నావు. మళ్లీ అడిగితే మళ్లీ వద్దంటావేమోనని. పైగా నా కళ్లు పోతున్నాయని నా నోటితో చెప్పడం నాకు చేతకాలేదమ్మా."

జలుబు నిజంగానే చేసిందని అనలేకపోయాను, ఎందుకంటే చేయలేదు. ముఖం పాడుచేస్తే నలుగురూ నవ్వుతారని భయపడ్డాను, అంతే. ఆకులైతే ఎవరూ నవ్వరు.

డైరెక్టరు గారు ఎముక చెక్కే ముసలాయన గడ్డం దగ్గరికి వెళ్లి, ఈసారి కళ్లు తెరిచే చూశారు. చాలాసేపు చూశారు. నమూనాని సంచిలో పెట్టేసి, ఈ మాటలే ఇంకొకసారి, కాస్త వెలుతురు ఉన్న చోట కూర్చుని చెప్పగలరా అని అత్తయ్యని అడిగారు. రెండు తరాలు, రెండు చేతులు, ఒకటే తలుపు అంటూ ఆయనకి అప్పుడే వాక్యాలు వచ్చేస్తున్నాయి. అత్తయ్య, "ఒకసారి చెప్పాను కదండీ" అని లేచి లోపలికి వెళ్లిపోయింది.

వాళ్లు వెళ్లాక మా ఆయన నా దగ్గరికి వచ్చి, తనకి మొదటినుంచీ అనుమానంగానే ఉందన్నాడు. పాపం, ఉండనీ.

జూలై 23

పొద్దున నా పీట మీద ఆ కొత్త పిడి ఉలి ఉంది. ఎడం చేత్తో తీసుకున్నాను. బొటనవేలు వెతుక్కోకుండానే గుంటలో కూర్చుంది.

భోజనాలయ్యాయి. అత్తయ్య పడుకోలేదు. పనిగదిలో తన పీట నా పక్కకి జరుపుకుని కూర్చుంది. గడియ వేయలేదు. మా ఆయన ఉన్నాడు, ఇంటి తలుపు బార్లా తీసి ఉంది, దారిన పోయేవాళ్లు తొంగి చూస్తున్నారు. రాతిమనిషి ముఖం మొదలుపెట్టాను. మా నాన్న ముక్కు ఎలా ఉండేదో నాకు బాగా తెలుసు, ఎండకి కాలి, కొనదగ్గర కొంచెం ఎడమకి తిరిగి ఉండేది. అలాగే తీశాను. నార దారిలోనే పోయాను. కొడతి ముట్టుకోలేదు.

అయ్యాక అత్తయ్య ముందుకు వంగి ఆ ముక్కు మీద బొటనవేలు పెట్టింది. నెమ్మదిగా కొనదాకా రాసింది.

"ఇంకా లావుగా ఉంది. తియ్యి" అంది.